బాస్కెట్ కాథెటర్ ఏఎఫ్ రికార్డింగు: పక్కపక్క ఎలక్ట్రోడ్లలో ఫ్రీక్వెన్సీ రెట్టింపు, ఎక్కడ చూసినా రోటర్లు. తేడా ఎక్కడ?

ప్రశ్న: లయశోధిని

పర్సిస్టెంట్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (ఏఎఫ్, అంటే కర్ణికలు లయ తప్పి అదరడం; పర్సిస్టెంట్ అంటే దానంతటది ఆగనిది) ఎడమ కర్ణిక (గుండె పై గది) నుంచి తీసిన ఎలక్ట్రోగ్రాములను (గుండె లోపలి విద్యుత్ సిగ్నళ్లను) విశ్లేషిస్తున్నాను. 64 ఎలక్ట్రోడ్ల బాస్కెట్ కాథెటర్: 8 స్ప్లైన్లు (బుట్ట ఊచలు), ఒక్కోదానికి 8 ఎలక్ట్రోడ్లు, పూర్తిగా విచ్చుకుంటే 60 మి.మీ. వ్యాసం. సిగ్నళ్లు యూనిపోలార్ (ఒక్కో ఎలక్ట్రోడ్‌ను దూరపు రిఫరెన్స్‌తో పోల్చి కొలిచినవి). శాంప్లింగ్ 1000 హెర్ట్జ్, రికార్డింగ్ యంత్రంలో ఫిల్టర్ 0.05 నుంచి 400 హెర్ట్జ్, ఒక్కో ముక్క 30 సెకన్లు.

ప్రస్తుతం చేస్తున్నది ఇదీ. ముందు 1–40 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్, తర్వాత ఆబ్సల్యూట్ వాల్యూ, ఆపైన మొత్తం 30 సెకన్లకూ కలిపి ఒకే ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క). 3–15 హెర్ట్జ్ మధ్య అన్నిటికన్నా ఎత్తైన శిఖరాన్ని డామినెంట్ ఫ్రీక్వెన్సీగా (ఇకపై డీఎఫ్ అంటాను) తీసుకుంటున్నాను. ఫేజ్ మ్యాపు కోసం అదే 1–40 హెర్ట్జ్ సిగ్నల్ మీద హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్ (సిగ్నల్ ఏ క్షణాన తన చక్రంలో ఎక్కడుందో, అంటే ఫేజ్ ఎంతో చెప్పే లెక్క) చేసి, 8×8 ఫేజ్ విలువలను 64×64 గ్రిడ్‌కు లీనియర్‌గా ఇంటర్‌పోలేట్ చేసి, అందులో ఫేజ్ సింగ్యులారిటీలు (చుట్టూ ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరిగే బిందువులు; రోటర్, అంటే గిరగిర తిరిగే తరంగం, ఉంటే దాని కేంద్రం ఇదే) వెతుకుతున్నాను.

ఒక ఎలక్ట్రోడ్‌లో 6.1 హెర్ట్జ్ వస్తే పక్కదాంట్లో 12.2 వస్తోంది. కొన్నిచోట్ల దగ్గర దగ్గరగా మూడు నాలుగు శిఖరాలు కనిపిస్తున్నాయి, ఏది అసలుదో తేలడం లేదు. ఫేజ్ మ్యాపులో ఏ క్షణం చూసినా పదికి పైగా సింగ్యులారిటీలు. అన్నీ నిజమైన రోటర్లు అయ్యే అవకాశం లేదు కదా. ఏ మెట్టు దగ్గర తేడా వస్తోంది?

---

ఫోరియర్_బాట

ముందు రెట్టింపు సంగతి చూద్దాం. 1–40 హెర్ట్జ్ ఫిల్టర్ తర్వాత ఆబ్సల్యూట్ వాల్యూ తీసుకోవడమే దానికి కారణం అయ్యుండాలి.

యూనిపోలార్ సిగ్నల్‌లో తరంగం ఎలక్ట్రోడ్ వైపు వచ్చేటప్పుడు పాజిటివ్, దాటి వెళ్లాక నెగటివ్. పాజిటివ్, నెగటివ్ భాగాలు ఇంచుమించు సమానంగా ఉన్న చోట ఆబ్సల్యూట్ వాల్యూ తీస్తే ఒక్క యాక్టివేషన్‌కు (కణజాలం ఒకసారి ఉత్తేజితం కావడానికి) రెండు గుబ్బలు తయారవుతాయి, 6.1 కాస్తా 12.2 అవుతుంది. పక్క ఎలక్ట్రోడ్‌లో తరంగం అక్కడే మొదలైనా, అక్కడే ఆగిపోయినా సిగ్నల్ దాదాపు ఒకవైపే ఉంటుంది కాబట్టి రెట్టింపు కాదు. అంటే మీ మ్యాపులో కనిపిస్తున్నది వేగంలో తేడా కాదు, అలల ఆకారంలో తేడా.

ఆబ్సల్యూట్ వాల్యూ అనే మెట్టు బోటెరాన్, స్మిత్‌లు 1995లో ప్రచురించిన పద్ధతిలోది. అది వాళ్లు పెట్టిన వరుసలోనే పనిచేస్తుంది: ముందు 40–250 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్, తర్వాత ఆబ్సల్యూట్ వాల్యూ, చివర 20 హెర్ట్జ్ లోపాస్. బైపోలార్ సిగ్నల్‌లో (పక్కపక్క రెండు ఎలక్ట్రోడ్ల తేడాలో) ఒక్కో యాక్టివేషన్ ఒక పదునైన ముల్లు. ఆ ముల్లు శక్తంతా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. పైగా యంత్రంలో 30 హెర్ట్జ్ హైపాస్ పెట్టి రికార్డు చేస్తే 4–10 హెర్ట్జ్ ప్రాంతంలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. రెక్టిఫై చేసి (ఆబ్సల్యూట్ వాల్యూ తీసి) నున్నగా చేస్తే ఒక్కో ముల్లూ ఒక్కో దిబ్బగా మారుతుంది, ఆ దిబ్బల మధ్య ఎడమే మీక్కావలసిన చక్రం. 40 హెర్ట్జ్ కింద ఉన్న నిదానపు అలను ముందే తీసెయ్యకపోతే ఈ తర్కమంతా కూలిపోతుంది.

మీవి యూనిపోలార్ కాబట్టి నేనైతే వేరే దారి పడతాను. సిగ్నల్ డెరివేటివ్ తీసి, నెగటివ్ వాలును మాత్రమే ఉంచుకుని (పాజిటివ్‌ను సున్నా చేసి), గుర్తు మార్చి, 20 హెర్ట్జ్ లోపాస్ పెట్టండి. ఎలక్ట్రోడ్ కింది కణజాలం ఉత్తేజితమయ్యే క్షణం నిటారైన నెగటివ్ వాలే కాబట్టి యాక్టివేషన్‌కు ఒకే దిబ్బ వస్తుంది.

ఇక ఒకదాని పక్కన ఒకటిగా వచ్చే శిఖరాలు. 30 సెకన్లకు ఒకే ఎఫ్ఎఫ్‌టీ అంటే బిన్ వెడల్పు 0.033 హెర్ట్జ్. ఏఎఫ్ రేటు 30 సెకన్ల పాటు అంత నిలకడగా ఉండదు. కాసేపు 5.9, కాసేపు 6.2 దగ్గర తిరిగితే ఒక్క శిఖరం చీలికలైపోతుంది. 4 సెకన్ల కిటికీ, 50 శాతం ఓవర్‌లాప్, హ్యానింగ్ విండో తీసుకోండి. 30 సెకన్లలో 14 కిటికీలు వస్తాయి. ఒక్కో కిటికీలో డీఎఫ్ కొలిచి వాటి మీడియన్ రాసుకోండి, చెదురు ఎంతుందో పక్కనే రాసుకోండి. 4 సెకన్లకు బిన్ 0.25 హెర్ట్జ్, హ్యానింగ్ శిఖరాన్ని ఇంకాస్త వెడల్పు చేస్తుంది. కాబట్టి ఒకే కిటికీలో 0.5 హెర్ట్జ్ కన్నా దగ్గరున్న రెండు శిఖరాలను విడదీసి చూడలేరు. జీరో ప్యాడింగ్ గీతను నున్నగా చేస్తుందే తప్ప కొత్త సమాచారం ఇవ్వదు.

ప్రతి విలువతో పాటు రెగ్యులారిటీ ఇండెక్స్ కూడా లెక్కించండి: డీఎఫ్ చుట్టూ సన్నటి పట్టీలో ఉన్న శక్తిని 3–15 హెర్ట్జ్ మొత్తం శక్తితో భాగించడమే. 0.2 కన్నా తక్కువ వచ్చిన కిటికీలను పక్కన పెట్టడం మామూలే. అంత చిందరవందరగా ఉన్న స్పెక్ట్రమ్‌లో ఎత్తైన శిఖరానికి అర్థం లేదు.

---

కర్ణికాపథం

డీఎఫ్ లెక్కకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది: జఠరిక (గుండె కింది గది) సిగ్నల్‌ను తీసెయ్యడం. ప్రశ్నలో ఆ మెట్టే కనిపించలేదు. యూనిపోలార్ ఎలక్ట్రోడ్ దూరపు సిగ్నళ్లను కూడా పట్టుకుంటుంది. మైట్రల్ కవాటం దగ్గరి ఎలక్ట్రోడ్లలో క్యూఆర్ఎస్ (జఠరిక ఉత్తేజితమయ్యే అల) కర్ణిక సిగ్నల్ కన్నా పెద్దగా ఉండడం సర్వసాధారణం. టీ తరంగం (జఠరిక తిరిగి విశ్రాంతికి వచ్చే అల) మరీ ఇబ్బంది, దాని శక్తి మీరు వెతుకుతున్న 3–6 హెర్ట్జ్ దాకా పాకుతుంది. రోగికి జఠరిక పేసింగ్ నడుస్తుంటే ఇంకా ప్రమాదం. నిమిషానికి 90 అంటే 1.5 హెర్ట్జ్, దాని నాలుగో హార్మోనిక్ సరిగ్గా 6.0 దగ్గర నిలబడుతుంది. పేసింగ్ లేకపోతే ఏఎఫ్‌లో ఆర్ఆర్ వ్యవధులు (వరుస క్యూఆర్ఎస్‌లలో ఆర్ శిఖరాల మధ్య ఎడం) క్రమం తప్పి ఉంటాయి కాబట్టి హార్మోనిక్స్ చెదిరిపోతాయి, కానీ శక్తి ఎక్కడికీ పోదు.

టెంప్లేట్ తీసివేత ఇలా చెయ్యండి. ఒంటి మీది ఈసీజీ లీడ్‌లో (రెండో లీడ్ గానీ వీ1 గానీ) ఆర్ శిఖరాలు గుర్తించండి. ప్రతి ఎలక్ట్రోడ్‌కూ విడిగా, ఆ శిఖరాల దగ్గర బీట్లను పేర్చి సగటు తియ్యండి. 30 సెకన్లలో 40 బీట్లు ఉంటే సగటులో మిగిలిపోయే కర్ణిక సిగ్నల్ √40, అంటే 6 రెట్లకు పైగా తగ్గుతుంది. 15 బీట్లే ఉంటే 4 రెట్లు కూడా తగ్గదు, అప్పుడు టెంప్లేట్‌తో పాటు కొంత కర్ణిక సిగ్నల్‌ను కూడా తీసేస్తున్నట్టే. అందుకే ముక్క చిన్నదైనా సరే, టెంప్లేట్‌ను మాత్రం దొరికినంత పొడవు రికార్డింగు నుంచి తయారు చెయ్యండి.

తప్పులు జరిగేది ఎక్కువగా అలైన్‌మెంట్‌లో. ఒక్క మిల్లీసెకను జరిగినా క్యూఆర్ఎస్ నిటారు వాలు దగ్గర పెద్ద ముల్లు మిగిలిపోతుంది, దాన్నే మీ ప్రోగ్రామ్ కర్ణిక యాక్టివేషన్ అనుకుంటుంది. 4 రెట్లు అప్‌శాంపుల్ చేసి క్రాస్ కోరిలేషన్‌తో సరిచేశాక తీసెయ్యండి. టెంప్లేట్ రెండు చివర్లనూ సున్నాకు వంచండి, లేకపోతే ప్రతి బీటుకూ ఒక మెట్టు పుడుతుంది. ఎక్టోపిక్ బీట్లను (మామూలు చోట కాక వేరేచోట పుట్టినవాటిని) వేరే గుంపుగా పెట్టి వాటికి వేరే టెంప్లేట్ వాడండి. ఊపిరితో క్యూఆర్ఎస్ ఎత్తు మారుతుంటే ఒకే సగటు చాలదు. పేర్చిన బీట్ల మీద ప్రిన్సిపల్ కాంపొనెంట్ విశ్లేషణ చేసి మొదటి రెండు మూడు కాంపొనెంట్లను బీటు బీటుకూ సరిపోల్చి తీసెయ్యడం మెరుగు.

ఫిల్టర్లు ముందుకూ వెనక్కూ నడిపించి జీరో ఫేజ్ చేసుకోండి, లేకపోతే ఆలస్యం ఫ్రీక్వెన్సీని బట్టి మారి యాక్టివేషన్ సమయాలు జరుగుతాయి. 1000 హెర్ట్జ్ దగ్గర 0.5 లేదా 1 హెర్ట్జ్ హైపాస్‌ను సెకండ్ ఆర్డర్ సెక్షన్ల రూపంలోనే రాయండి. కోయెఫిషెంట్ల రూపంలో రాస్తే ఆర్డర్ పెరిగేకొద్దీ అంకగణితమే అస్థిరమవుతుంది. 50 లేదా 60 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్‌ను అవసరం లేకుండా పెట్టకండి. పదునైన ముల్లు తర్వాత అది మోగుతూనే ఉంటుంది, ఆ మోత అచ్చం ఫ్రాక్షనేషన్‌లా (సిగ్నల్ చాలా చిన్న ముళ్లుగా చీలిపోవడంలా) కనిపిస్తుంది. కరెంటు రొద వస్తుంటే కేబుళ్లు, గ్రౌండ్, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చూసుకుని అక్కడే ఆపాలి.

---

ఫేజ్_కోణం

రోటర్ల విషయానికి వస్తాను. మూడు వేర్వేరు తప్పులు ఒకేచోట పడ్డాయి.

ఒకటి, ఫేజ్ కోణాన్ని నేరుగా ఇంటర్‌పోలేట్ చెయ్యకూడదు. ఒక ఎలక్ట్రోడ్‌లో +170 డిగ్రీలు, పక్కన −170 డిగ్రీలు ఉంటే అసలు తేడా 20 డిగ్రీలే. లీనియర్ ఇంటర్‌పోలేషన్ మధ్యలో 0 పెడుతుంది, అంటే సరిగ్గా వ్యతిరేక దశ. ప్రతి తరంగపు అంచు వెంటా ఇదే జరుగుతుంది. సైన్, కొసైన్‌లను విడివిడిగా ఇంటర్‌పోలేట్ చేసి తర్వాత కోణం తియ్యండి. మీ సింగ్యులారిటీల్లో చాలా భాగం దీనితోనే పోవాలి.

రెండు, 1–40 హెర్ట్జ్ సిగ్నల్ మీద హిల్బర్ట్ నడపడం. హిల్బర్ట్ ఫేజ్‌కు అర్థం ఉండాలంటే ఒక యాక్టివేషన్‌కు ఒకే ఊగు ఉండాలి, ఆ ఊగు సున్నా చుట్టూ తిరగాలి. వెడల్పు బ్యాండ్ సిగ్నల్‌లో చిన్న గీత పడినా ఫేజ్ ఒక అదనపు చుట్టు తిరిగేస్తుంది. 2015లో కుక్లిక్ బృందం ప్రచురించిన సైనుసాయిడల్ రీకంపొజిషన్ ఇక్కడ నప్పుతుంది. ప్రతి నెగటివ్ వాలు దగ్గరా ఒకే చుట్టు సైన్ తరంగాన్ని, వాలు ఎంత నిటారుగా ఉంటే అంత ఎత్తుతో పెట్టి అన్నిటినీ కూడండి. ఆ సైన్ కాలవ్యవధి ఆ ఎలక్ట్రోడ్ సగటు చక్రం, అంటే 6.1 హెర్ట్జ్‌కు 164 మిల్లీసెకన్లు. అందుకే డీఎఫ్ ముందు సరిగ్గా రావాలి, అక్కడ రెట్టింపు తప్పు ఉంటే ఫేజ్ కూడా దానితోపాటే చెడుతుంది. హిల్బర్ట్ తర్వాత రెండు చివర్లా అర సెకను చొప్పున పారేయండి.

మూడోది అన్నిటికన్నా లోతైనది, ఏ ప్రోగ్రామూ దిద్దలేనిది: ఎలక్ట్రోడ్ల మధ్య దూరం. 60 మి.మీ. వ్యాసం ఉన్న బాస్కెట్ నడుం దగ్గర చుట్టుకొలత సుమారు 188 మి.మీ. 8 స్ప్లైన్లు అంటే మధ్య దూరం 23.6 మి.మీ. ఇప్పుడు మీ 164 మిల్లీసెకన్ల చక్రంతో లెక్క చూడండి. సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పోయే తరంగం పొడవు 98 మి.మీ., పక్క స్ప్లైన్‌కు ఫేజ్ తేడా 86 డిగ్రీలు, ఇబ్బంది లేదు. వేగం 0.4 అయితే 130 డిగ్రీల దాకా వస్తుంది. 0.29 దగ్గర తేడా 180 డిగ్రీలకు చేరుతుంది. ఆ కిందకు పోతే తరంగం ఎటు పోతోందో డేటాలోనే ఉండదు. 0.2 దగ్గర అసలు తేడా 259 డిగ్రీలు, లెక్కలో అది −101గా చుట్టుకుంటుంది. సినిమాలో ముందుకు పోయే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం కూడా ఇలాంటిదే. ఒకవైపు స్ప్లైన్ల మధ్య దిశ తిరగబడి, మరోవైపు సరిగ్గా ఉంటే, ఆ రెంటి మధ్యా లేని రోటర్ పుడుతుంది. ఫైబ్రోసిస్ (కండరంలో మచ్చ కణజాలం పెరగడం) వల్ల ప్రసరణ మందగించిన చోట్లే ఇది ఎక్కువ, అంటే మీరు రోటర్ ఉంటుందని ఆశించే చోటే అబద్ధపు రోటర్ కూడా కనిపిస్తుంది!

పైగా ఇదంతా స్ప్లైన్లు సమానంగా విచ్చుకున్నాయనుకుని వేసిన లెక్క. నిజానికి అవి రెండు మూడు ఒకచోట గుమిగూడతాయి, ఇంకోచోట ఖాళీ 23.6 కన్నా చాలా పెద్దదవుతుంది. అందుకని 8×8 చదరపు గ్రిడ్ వాడకండి. మ్యాపింగ్ సిస్టమ్ ఇచ్చే త్రీడీ స్థానాలు తీసుకుని కర్ణిక ఉపరితలం మీదే లెక్క వెయ్యండి. ఏ సింగ్యులారిటీ చుట్టూ ఉన్న ఎలక్ట్రోడ్ల ఎడం 20 మి.మీ. దాటిందో దాన్ని నమ్మకండి.

బ్లాక్ గీత (తరంగం దాటలేని గీత) దగ్గర కూడా ఇలాగే మోసపోతారు. గీతకు అటూ ఇటూ యాక్టివేషన్ సమయాల్లో పెద్ద తేడా ఉంటే ఫేజ్ ఒక్కసారిగా గెంతుతుంది, గీత చివర సింగ్యులారిటీ లెక్కలోకి వస్తుంది. సింగ్యులారిటీ దొరికిన ప్రతిచోటా వెనక్కి వెళ్లి ముడి ఎలక్ట్రోగ్రాములు చూడండి. చుట్టూ ఉన్న ఎలక్ట్రోడ్లలో యాక్టివేషన్లు వరుసగా, దాదాపు చక్రమంతా నిండేలా వస్తేనే అది తిరుగుడు. కనీసం రెండు పూర్తి చుట్లు నిలబడనిదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

---

లయశోధిని

చాలా ధన్యవాదాలు. జఠరిక టెంప్లేట్ తీసివేత, నెగటివ్ వాలు పద్ధతి, 4 సెకన్ల కిటికీలు, సైన్-కొసైన్ ఇంటర్‌పోలేషన్ అమలు చేశాను. 12.2లు చాలావరకు 6.1కి దిగాయి. కానీ ఎడమ పై పల్మనరీ సిర ముఖద్వారం దగ్గర రెండు ఎలక్ట్రోడ్లు ఇంకా 12 దగ్గరే ఉన్నాయి. అది నిజమైన వేగవంతమైన మూలం కావచ్చా? సింగ్యులారిటీలు క్షణానికి రెండు మూడుకు తగ్గాయి. మిగిలినవాటిని ఎలా పరీక్షించాలి? ఫ్రాక్షనేషన్ మ్యాపు కూడా కలిపితే ఉపయోగమా?

---

ఫోరియర్_బాట

ఆ రెండింటికీ ఆటోకోరిలేషన్ (సిగ్నల్‌ను కాలంలో జరిపి దానితోనే పోల్చడం) గీయండి. నిజంగా 12.2 హెర్ట్జ్ అయితే 82 మిల్లీసెకన్ల దగ్గరి శిఖరం, 164 దగ్గరి శిఖరం ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. 164 దగ్గరిది స్పష్టంగా ఎత్తుగా ఉంటే అది డబుల్ పొటెన్షియల్, చక్రానికి రెండు ముళ్లు. వ్యవధుల వరుస కూడా చూడండి. 70, 94, 70, 94 అని ఒకటి మార్చి ఒకటి వస్తుంటే సందేహమే అక్కర్లేదు. పల్మనరీ సిర ముఖద్వారం దగ్గర కర్ణిక సిగ్నల్, సిర కండర సిగ్నల్ రెండూ పడడం మామూలే. ఎడమ పై సిర దగ్గరైతే పక్కనే ఉన్న ఎడమ కర్ణిక అపెండేజ్ నుంచి దూరపు సిగ్నల్ కూడా వస్తుంది. కర్ణిక కండరం 82 మిల్లీసెకన్లకొకసారి నిలకడగా ఉత్తేజితం కావడం చాలా అరుదు కాబట్టి రుజువు భారం 12.2 మీదే ఉండాలి.

---

ఈపీ_సిగ్నల్స్

ఫ్రాక్షనేషన్ గురించి. నడమనీ బృందం 2004లో ఇచ్చిన నిర్వచనంలో 120 మిల్లీసెకన్లకు మించని చక్రం ఒక ప్రమాణం. దాన్ని యంత్రానికి నేర్పేటప్పుడు మూడు మీటలుంటాయి. కనీస ఎత్తు సాధారణంగా 0.05 మిల్లీవోల్టు, ఒకసారి గుర్తించాక కళ్లు మూసుకునే కాలం 30–50 మిల్లీసెకన్లు, ముల్లు వెడల్పు 10–15 మిల్లీసెకన్ల లోపు. ఈ మూడింట్లో ఏది కాస్త జరిపినా మ్యాపు రంగులు మారిపోతాయి. మీ రొద 0.05 దగ్గరే ఉంటే రొదనే ఫ్రాక్షనేషన్‌గా లెక్కిస్తారు. పైగా ఈ అంకెలన్నీ బైపోలార్ కోసం. యూనిపోలార్ మీద నేరుగా వాడకండి. ఒకే స్ప్లైన్ మీద పక్కపక్క ఎలక్ట్రోడ్లను తీసివేసి బైపోల్ చేసుకుని, 30 హెర్ట్జ్ హైపాస్ పెట్టి, కనీసం 5 సెకన్ల మీద లెక్కించండి. తరంగం బైపోల్‌కు అడ్డంగా పోతే రెండు ఎలక్ట్రోడ్లలో సిగ్నల్ ఒకేసారి పడి, తీసివేతలో దాదాపు సున్నా అవుతుంది. అందువల్ల తక్కువ వోల్టేజి కనబడిన ప్రతిచోటా మచ్చ ఉందనుకోకూడదు.

దీన్ని అబ్లేషన్ (కణజాలాన్ని కాల్చే చికిత్స) లక్ష్యంగా వాడాలనుకుంటే స్టార్ ఏఎఫ్ 2 అనే క్లినికల్ ట్రయల్ ఫలితం గుర్తుంచుకోవాలి. 2015లో ప్రచురితమైంది, 589 మంది పర్సిస్టెంట్ ఏఎఫ్ రోగులు. 18 నెలల తర్వాత ఏఎఫ్ తిరిగి రానివాళ్లు పల్మనరీ సిరల ఐసొలేషన్ (ఆ సిరలను కర్ణిక నుంచి విద్యుత్తుపరంగా విడదీయడం) మాత్రమే చేసినవాళ్లలో 59 శాతం, ఫ్రాక్షనేషన్ అబ్లేషన్ కలిపినవాళ్లలో 49, అబ్లేషన్ గీతలు కలిపినవాళ్లలో 46. అదనంగా కాల్చడం వల్ల లాభం కనబడలేదు. ముళ్లు చీలడానికి కారణాలు చాలా ఉన్నాయి: రెండు తరంగాలు ఢీకొనడం, తరంగం మలుపు తిరగడం, నిదాన ప్రసరణ, పక్క గోడ నుంచి దూరపు సిగ్నల్. వీటిలో ఏది ఏఎఫ్‌ను నడిపిస్తోందో చీలిక ఒక్కటే చూసి చెప్పలేం. కాబట్టి దాన్ని కణజాలం గురించిన సూచనగా వాడండి, మూలం ఇదేనని చెప్పే గుర్తుగా కాదు.

ప్రసరణ వేగం కొలిచే ఆలోచన ఉంటే ఒక మాట. 1000 హెర్ట్జ్ శాంప్లింగ్‌లో 4 మి.మీ. ఎడం, సెకనుకు 0.6 మీటర్లు అంటే ప్రయాణం 6.7 మిల్లీసెకన్లే. ఒక్క మిల్లీసెకను తప్పు 15 శాతం. 2 మి.మీ. ఎడమైతే 30 శాతం. జతల మీద కాకుండా అయిదారు ఎలక్ట్రోడ్లకు ఒక తలం సరిపోల్చి వేగం తియ్యండి.

---

ఫేజ్_కోణం

మిగిలిన సింగ్యులారిటీల పరీక్షకు సరొగేట్ డేటా వాడండి. సిగ్నళ్లను అలాగే ఉంచి ఎలక్ట్రోడ్ల స్థానాలను యాదృచ్ఛికంగా కలగాపులగం చేసి, మొత్తం ప్రక్రియను 200 సార్లు మళ్లీ నడపండి. ప్రతిసారీ రెండు చుట్లు దాటి నిలిచిన సింగ్యులారిటీలు ఎన్నో రాసుకోండి. అసలు డేటాలో వచ్చిన సంఖ్య, వాటి ఆయుష్షు ఆ పంపిణీలోనే కలిసిపోతే మీ దగ్గర రోటర్ రుజువు లేనట్టే. స్థానాలు కలిపితే పక్క ఎలక్ట్రోడ్ల మధ్య సహజంగా ఉండే పోలిక కూడా పోతుంది. అందుకే రెండో సరొగేట్ కూడా పెట్టండి: స్థానాలు కదపకుండా, ఒక్కో స్ప్లైన్ సిగ్నళ్లను ఒక కట్టగా కాలంలో కొంత జరపండి. జరిపే మేర ఒక చక్రం కన్నా చాలా ఎక్కువ, స్ప్లైన్ స్ప్లైన్‌కూ వేరుగా ఉండాలి. స్ప్లైన్ లోపల తరంగం చెడదు, స్ప్లైన్ల మధ్య సంబంధం మాత్రమే పోతుంది. మీ రోటర్ నడుం దగ్గరి పెద్ద ఖాళీల వల్ల పుట్టిందా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది.

తర్వాత 30 సెకన్లను రెండు సగాలుగా చేసి, ప్రతిచోటా సింగ్యులారిటీ ఎంతసేపు ఉందో రెండు మ్యాపులు గీయండి. మొదటి సగంలో వెనుక గోడ మీద, రెండో సగంలో ముందు గోడ మీద కనిపించేదాన్ని మూలమని ఎవరికీ చూపించకండి. రెండు సగాల్లోనూ ఒకేచోట ఉంటే, అక్కడి ఎలక్ట్రోడ్లు గోడకు తగులుతున్నాయా అని చూడండి. గాలిలో వేలాడినట్టు రక్తంలో ఉన్న ఎలక్ట్రోడ్‌లో నెగటివ్ వాలు నిదానంగా, ఎత్తు తక్కువగా, పక్కవాటి కలబోతలా ఉంటుంది. అలాంటివి రెండు మూడు కలిస్తే చాలు, స్థిరంగా ఒకేచోట కూర్చునే అబద్ధపు కేంద్రం తయారవుతుంది, అది సగాల పరీక్షను కూడా దాటేస్తుంది. వాటిని తీసేసి మళ్లీ నడపండి. ఎలక్ట్రోడ్లు తగ్గినచోట ఖాళీని ఇంటర్‌పోలేషన్‌తో నింపకుండా, మ్యాపులో బూడిద రంగులో ‘డేటా లేదు’ అని వదిలేయండి.